ఖాళీ చేయని వేరియబుల్

ఆదివారం పెందలాడే షాపు మూసి, ఉదయగిరిలో నిరోష పుట్టింటికి భోజనానికి వెళ్ళాలన్నది ఆ పూట ఏర్పాటు. ఆత్మకూరు బస్టాండు దగ్గర నిరోష, ఆమె భర్త వెంకటేష్ ఫ్లెక్సీల షాపు నడుపుతున్నారు. ఆర్డర్ల కోసం నిరోష పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. ప్రతి ఆర్డరుకూ ఒక అర్రే, అంటే అరలున్న పెట్టె లాంటిది. అందులో పేరు, ఊరు, శీర్షిక అని పేర్లు పెట్టిన మూడు అరలు. ఒక్కో అరలోకి ఒక్కో వేరియబుల్ నుంచి, అంటే టైపు చేసిన మాటను పట్టి ఉంచే డబ్బా నుంచి, విలువ వచ్చి పడుతుంది. వివరాలు టైపు చేస్తే చాలు, ఫ్లెక్సీ దానంతటదే తయారవుతుంది.

ఆమె జడ వేసుకుంటుండగా ఫోన్ మోగింది. మర్రిపాడు సెంటర్లో టీకొట్టు మునెయ్య.

"అమ్మా, రామనారాయణ సార్ ఎప్పుడు పోయినాడు?"

"పోవడమేంది? ఈరోజు ఆయన పుట్టినరోజు గదా!"

"రోడ్డు మీద మీ ఫ్లెక్సీలో కన్నీటి నివాళి అని ఉండాదే!"

నిరోష చేతిలోంచి జడ జారిపోయింది. రామనారాయణ మర్రిపాడు మాజీ సర్పంచి. కోపం వస్తే చేతికందిందల్లా విసిరేసే మనిషి. ఆ మండలంలో ఏ ఫ్లెక్సీ కావాలన్నా ఆయన మాట మీదే వీళ్ళ షాపుకు వస్తుంది. ఫ్లెక్సీ కట్టినవాళ్ళేమో ఫోటో నిటారుగా ఉందా లేదా అన్నంత వరకే చూసి వెళ్ళిపోయారు.

వెంకటేష్ బండి తీశాడు. నిరోష వెనక కూర్చుని ఫోన్లో ప్రోగ్రాం తెరిచింది.

"ఏం రాసినావే అందులో?"

"నువ్వేం టైపు చేసినావో చెప్పు ముందు. శీర్షిక వదిలేసినావా?"

"తొందరలో వదిలేసినాను. పుట్టినరోజని నీకు తెల్సు గదా!"

"నాకు తెల్సు, దానికి తెలీదు. దీనికి ముందు ఆర్డరు ఎవరిది?"

"సోమశిల ముసలాయన పెద్దకర్మది."

నిరోష కళ్ళు మూసుకుంది. "ఆ నివాళి వేరియబుల్‌లో అట్టనే నిలబడిపోయింది. కొత్తది రాలేదని పాతదే ఈయన అరలో పడింది. ప్రతి ఆర్డరుకూ ముందు ఖాళీ చేయాల. నేను చేయలే."

దారిలో ఒక ట్రాక్టరు నిండా జనం, చేతుల్లో పూలదండలు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. వెంకటేష్ అటు చూడకుండా దాటేశాడు. మునెయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "చర్చిలో పాట ఆపి రెండు నిమిషాలు మౌనంగా నిలబడినారంట. సెంటర్లో అంగళ్ళు మూసేస్తుండారు. నేనూ మూసేదా?"

రామనారాయణ ఇంటి ముందు బండి ఆగింది. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మెడ నిండా దండలతో. ఏడవడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి నాలుక కరుచుకుని, తెచ్చిన దండ ఆయన మెడలోనే వేసి "హ్యాపీ బర్త్‌డే" అని పక్కకు తప్పుకుంటున్నారు.

"రారా వెంకటేషూ! ఈ ఏడు నా పుట్టినరోజుకి జనమే జనం!"

"సార్, ఒక పొరపాటు..." అని నిరోష మొదలుపెట్టబోతుండగా గేటు దగ్గర గోడుగోడున ఏడుపు వినిపించింది. జనార్దనయ్య. ఎన్నికల్లో రామనారాయణను ఓడించి, ఆ తర్వాత ఈ గడప తొక్కని మనిషి.

"అన్నా! వాటర్ ట్యాంకు తెచ్చింది నువ్వు. నేను తెచ్చినానని చెప్పుకొని గెలిచినానే! నీలాంటోడు మళ్ళా పుట్టడన్నా!"

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి అన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నేను పోయినానని ఎవర్రా చెప్పింది?"

నిరోష ముందుకొచ్చి జరిగినదంతా చెప్పింది. రామనారాయణ రోడ్డు మీదికి నడిచాడు. ఊరంతా వెనకాలే నడిచింది. ఫ్లెక్సీ ముందు నిలబడి ఆయన పైనుంచి కింద దాకా చదివాడు. వెంకటేష్ గబగబా తాళ్ళు విప్పబోయాడు.

"చెయ్యి తియ్యరా," అన్నాడు రామనారాయణ. "సాయంత్రం దాకా ఉండనీ. నన్ను గురించి ఇంకెవరెవరు ఏమేం చెప్తారో వినాల."

జనార్దనయ్య నిరోషను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"నా పుట్టినరోజు వచ్చే నెలమ్మా. నాకూ ఇట్టాంటిదే కొట్టియ్యి."