తినే పళ్ళు

“హలో! పన్ను నమోదు చెయ్యడానికి సాఫ్ట్‌వేర్ కావాలండీ!” అని ఆసుపత్రి పళ్ళ డాక్టరమ్మ ఆ సోమవారం పొద్దున్నే కొనుగోళ్ళ అధికారికి ఫోన్ చేసింది. ఆ పూట ఆవిడ వేసుకున్న పథకం చిన్నదే: ఫోన్ చెయ్యడం, టీ తాగడం, పళ్ళు పీకడం. టీ ఒక్కటే సవ్యంగా జరిగింది.

పాత సాఫ్ట్‌వేర్ తీసేశారు. కంప్యూటర్లో ఎక్కని పన్నును పీకరాదని ఉత్తర్వు వచ్చింది. నెలాఖరుకి ఒక్క కేసైనా ఎక్కకపోతే పళ్ళ విభాగాన్ని మూసేసి, ఆ గదిలో విరిగిన కుర్చీలు పెడతారట. వరండాలో రోగులు బుగ్గలు పట్టుకున్నారు. లోపల డాక్టరమ్మ తల పట్టుకుంది.

మూడోనాడు సాఫ్ట్‌వేర్ వచ్చింది. మొదటి రోగి నోరు తెరవకముందే పోయినేడాది ఆదాయం ఎంతని అడిగింది.

“సార్, ఇది ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళదండీ!” అని డాక్టరమ్మ మళ్ళీ అధికారికి ఫోన్ చేసింది.

“మీరేగా పన్నన్నారు?”

“ఆ పన్ను కాదు మహాప్రభో! పళ్ళు! పళ్ళు!”

“ఓహో, ఆ పళ్ళా! ముందే చెప్పొద్దూ!”

వారానికి పళ్ళ సాఫ్ట్‌వేర్ రానే వచ్చింది. పళ్ళ మార్కెట్ వాళ్ళది.

“డాక్టరమ్మా, ఓసారి ఇటు రండి!” అని కేకేసింది నర్సు. “పుచ్చు అని కొట్టానంతే! పుచ్చకాయలు ఎన్ని లారీలని అడుగుతోంది!”

“లారీలొద్దు, ఒకటని కొట్టు తల్లీ.”

“కొట్టా. బరువెంతంటోంది. బరువు చెప్పందే సేవ్ అవదట!”

ఇక లాభం లేదని డాక్టరమ్మ పళ్ళ ఊసే ఎత్తకుండా అధికారికి పండిత భాషలో ఉత్తరం రాసింది: ‘మా వద్ద మనిషికి ముప్పై రెండు దంతములు చొప్పున నమోదు చేయవలసి ఉన్నది.’ రెండు రోజుల్లో ఆ ఉత్తరం పట్టుకుని అటవీశాఖ ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు.

“ముప్పై రెండు దంతాలంటే పదహారు ఏనుగులమ్మా! సరుకెక్కడ దాచారు?”

“నోట్లో!” అంది డాక్టరమ్మ, సరుకంతా పటపట కొరుకుతూ.

ఆయన టార్చి వేసి చూసి, లోపల ఏనుగు లేదని రాసిచ్చి వెళ్ళాడు.

నెలాఖరు రోజు రానే వచ్చింది. కేసులు సున్నా. విరిగిన కుర్చీలు గుమ్మం దాకా వచ్చేశాయి. వాటి వెనకే, ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బిన కొనుగోళ్ళ అధికారి కూడా వచ్చాడు.

“పీకెయ్యండమ్మా! మూడు రోజులుగా ముద్ద దిగట్లేదు!”

“క్షణంలో పీకుతానండీ. మీ సాఫ్ట్‌వేర్లో ఎక్కడమే ఆలస్యం.”

నర్సు కీబోర్డు ముందుకి లాక్కుంది. “కాయా, పండా సార్?”

“పన్నమ్మా, పన్ను! పుచ్చిపోయిన పన్ను!”

“పుచ్చా? బరువు చెప్పండి.”

“నోట్లో ఉన్నదాన్ని ఎలా తూస్తానమ్మా?”

“పీకితే తూయొచ్చు సార్. కానీ ఎక్కితే గానీ పీకకూడదు. ఉత్తర్వు కింద సంతకం తమరిదే.”

ఆయన కంప్యూటర్ని చూశాడు, బుగ్గ తడుముకున్నాడు. పుచ్చింది పన్ను ఒక్కటే కాదని అప్పుడు తెలిసొచ్చింది. జేబులోంచి కలం లాగి, ‘ముందు పీకి, తర్వాత ఎక్కించవచ్చును’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం ఆరకముందే డాక్టరమ్మ పీకేసింది.

ప్రాణం లేచొచ్చిన అధికారి దవడలో దూదితోనే వరండాలోకి నడిచాడు. రోగులూ, కుర్చీలు మోసేవాళ్ళూ అందరూ వినేలా గొంతెత్తాడు: “తప్పంతా నాదే! డాక్టరమ్మ అడిగింది కట్టే పన్ను కాదు, ఏనుగు దంతాలూ కాదు. మనం తినే పళ్ళు కూడా కాదు బాబూ, మన కోసం తినే పళ్ళు! సరైన సాఫ్ట్‌వేర్ రేపే తెప్పిస్తా. అందాకా కాగితం మీద రాసుకుని పీకండి!”

కుర్చీలు వెనక్కి మళ్ళాయి. బుగ్గలు ఒక్కొక్కటే లోపలికి కదిలాయి. డాక్టరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుని రెండో టీ తెప్పించుకుంది.

విభాగాన్ని నిలబెట్టిన ఆ నెల మొదటి కేసు ఇప్పటికీ కంప్యూటర్లో భద్రంగా ఉంది: పుచ్చకాయ ఒకటి, బరువు రెండు గ్రాములు.