మార్కులున్న నవ్వు

పిల్లల ఏడుపు మాన్పించే చదువు ఈ లోకంలో ఒక్కటే ఉంది. దాని పేరు ఆల్ స్టార్ చీర్‌లీడింగ్!

చీర్‌లీడర్లంటే ఫుట్‌బాల్ జట్టును హుషారుచేసే పిల్లలనుకునే అమాయకులు టెక్సాస్‌లో మా ఊరికి రావాలి. ఇక్కడ ఆ జట్టూ లేదు, బంతీ లేదు. పెళ్లికొడుకు ఊసే లేని ఊరేగింపు! ఎవరో గెలవాలని గొంతు చించుకోవడం పాతకాలపు చాదస్తం కాదూ? వీళ్లు తమ కప్పు కోసమే పిల్లిమొగ్గలు వేస్తారు, ఒకరి చేతుల మీద ఒకరు నిలబడతారు.

పదేళ్ల టెన్లీ బక్కపిల్ల కాబట్టి అందరికన్నా పైన నిలబడుతుంది. పోటీ రోజున తల్లి షెల్బీ ఆ పిల్ల జుట్టు రింగులు తిప్పి, కదలకుండా స్ప్రే కొట్టి, నెత్తిన తలకాయంత రిబ్బను కట్టింది. రిబ్బను చిన్నదైతే జట్టు పరువేం కావాలి?

"పళ్లు కనపడాలే తల్లీ!" అని కోచ్ బ్రాండీ ఎప్పుడూ అరుస్తుంటుంది. "నువ్వు పడ్డా నీ నవ్వు పడకూడదు. ముఖానికీ మార్కులున్నాయ్!"

ఎంత గొప్ప నీతి! షెల్బీ దాన్ని ఇంట్లోనూ అమలుచేసింది. టెన్లీ అద్దం ముందు నవ్వింది, పళ్ల డాక్టరు సూది గుచ్చితే నవ్వింది. అమ్మమ్మ శవపేటిక పక్కన కూడా నవ్వితే, పాస్టరుగారు "ఈ బిడ్డకు ఎంత విశ్వాసం!" అని మెచ్చుకున్నారు. ఇలాంటి పిల్ల ఏ తల్లికి చేదు?

ఆ రోజు పోటీలో కింది పిల్లల పట్టు తప్పింది. టెన్లీ చెయ్యి కిందపెట్టి పడింది. లేచింది, మళ్లీ పైకెక్కింది, చివరిదాకా పళ్లు కనబడుతూనే ఉన్నాయి. పడినందుకు మార్కులు పోయాయి గాని, నవ్వుకు పూర్తిగా పడ్డాయి!

మ్యాట్ దిగేసరికి మణికట్టు బూరెలా పొంగింది. ఆసుపత్రిలో నర్సు ముఖాల బొమ్మలున్న అట్ట చూపించింది. ఒక చివర నవ్వు, ఇంకో చివర ఏడుపు.

"నీ నొప్పి ఎలా ఉందో వేలుపెట్టి చూపించమ్మా."

టెన్లీ నవ్వే ముఖం మీద వేలు పెట్టింది. ఎక్స్‌రేలో మాత్రం ఎముక రెండు ముక్కలై కనిపించింది.

షెల్బీ కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏడవవే నా తల్లీ, ఏడువు! ఇక్కడ జడ్జీలు ఎవరూ లేరే!"

"నువ్వు చూస్తున్నావు కదమ్మా," అంది టెన్లీ నవ్వుతూనే.

ఆహా, ఏం క్రమశిక్షణ! షెల్బీ గోడవైపు తిరిగి నిలబడ్డాక గాని ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టలేదు.