కొల్లాపూర్ చిన్నమ్మ

పోలీసు చర్య ముగిసి రామన్నపేట ఊపిరి పీల్చుకున్న వారానికి, భిక్షపతి నర్సింహస్వామి పటానికి అద్దం కట్టిద్దామని పొద్దున్నే నల్గొండ బయలుదేరాడు. స్టూడియోలో ఎవరో వదిలేసిన ఫ్రేము చవగ్గా దొరికింది. అందులో పాత ఫోటో ఒకటి ఉంది. ఎత్తుపీట మీద చెయ్యి ఆనించి ఒకావిడ నిలబడి ఉంది. జడలో కాగితం గులాబీ. కళ్లలో మాత్రం తొందరగా తీసెయ్యవయ్యా, పనుందన్న చూపు. ఆ చూపు భిక్షపతికి తెగ నచ్చింది. స్వామివారిని ట్రంకుపెట్టెలోనే ఉంచి, ఆవిడను గోడకు తగిలించాడు.

"ఎవరామె?" అంది భార్య పుల్లమ్మ.

"కొల్లాపూర్ల మా చిన్నమ్మ. పాపం, సచ్చిపోయింది."

కొల్లాపూర్ దాకా పోయి అడిగేవాళ్లెవరని అతని ధీమా. పుల్లమ్మ అద్దానికి కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. చనిపోయిన పెద్దలకు విస్తరి వేసే పెత్రమాస దగ్గర్లోనే ఉంది గనక, చిన్నమ్మకూ వేద్దామని భర్త అన్నకు కబురంపింది.

అన్న ఐలేశం నాలుగు రోజుల ముందే దిగాడు. పుట్టి బుద్ధెరిగాక చూడని చిన్నమ్మను చూసి తెల్లబోయాడు. తమ్ముడు కళ్లతోనే బతిమాలాడు. ఇంతలో పుల్లమ్మ వేడి గారెలు తెచ్చింది. ఐలేశం భోరుమన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నమ్మ రజాకార్లను రోకలితో తరిమి ప్రాణాలిచ్చిందని కూడా చెప్పాడు.

మర్నాటికల్లా వాడంతా కొబ్బరికాయలతో వచ్చింది. సంతకు పోయినవాళ్లు ఆ కథను నల్గొండ చేర్చారు. అది స్టూడియో అతని చెవిన పడింది.

పెత్రమాస నాడు జనం విస్తరికి దండాలు పెడుతుంటే, ఫోటోలోని మనిషి వాకిట్లో బండి దిగింది. ఆవిడ అమృతమ్మ, నల్గొండలో మంత్రసాని. గడబిడలప్పుడు ఊరు విడిచిపోతూ, ఫ్రేము కట్టమని స్టూడియోలో ఇచ్చిపోయిన ఫోటో అది. తిరిగొచ్చి అడిగితే స్టూడియో అతను ఈ ఇంటి గుర్తు చెప్పి పంపాడు. దండను చూసింది, విస్తరిని చూసింది.

"నన్నెప్పుడు సంపిన్రయ్యా?"

ఐలేశం పెరటి దారి పట్టాడు. భిక్షపతి తలవంచుకుని, ముఖం నచ్చి తెచ్చానని భార్య ముందు ఒప్పుకున్నాడు.

"నాకు మొదటి దినమే ఎర్కనే," అంది పుల్లమ్మ. "మీ అవ్వకు చెల్లెండ్లు లేరు, మీ నాయినకు తమ్ముండ్లు లేరు. సచ్చిందంటివి, దండేసిన. నన్ను ఒక్కనాడన్న గా ఫోటోను జూసినట్ల జూసినవా?"

అమృతమ్మ తన పేర వేసిన విస్తరి ముందు కూర్చుని తృప్తిగా తిని, ఫోటో చంకన పెట్టుకుని వెళ్లింది.

ఆ వారమే పుల్లమ్మ నల్గొండ పోయి, అదే ఎత్తుపీట మీద చెయ్యి ఆనించి ఫోటో దిగింది. భిక్షపతి రోజూ పొద్దున లేవగానే దాన్ని చూడాలి, చూస్తున్నట్టు కనబడాలి కూడా.

స్వామివారు ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉన్నారు.