రాజధాని అక్షర సంగ్రామము

వినుడు, మహాజనులారా! పనులున్నవారు పనులు మానుకొని, పనులు లేనివారు ఎటులైనను ఖాళీయే గనుక కదలక కూర్చుండి వినుడు. ప్రచండ మార్తాండుడు రేకుల కప్పులను పెనముల వలె కాల్చుచున్న ఒకానొక మధ్యాహ్నమున, మూడు వీధుల జనులందరును ఒకే చేతిపంపు మీద ఆధారపడి బతుకుచుండగా, ఆ చేతిపంపు తానెవరి మాటయు విననని మొండికేసిన ఒకానొక పేటయందు, ఖాళీ బిందెల బారు మలుపు దాటి సాగియుండగా జరిగిన ఘోర సంగ్రామమును చెప్పుచున్నాను.

ఆ పంపునకు వైద్యురాలు, పానాపాణి, తుప్పుబోల్టు గర్వాపహారిణి, గ్రీజుమరక విరాజిత కొంగు గల వీరవనిత ఒకతె కలదు. పేటలో అందరును ఆమెను పంపక్క అందురు. నిన్ననే ఆమె పంపు విప్పి, లోపల అరిగిపోయిన తోలు వాషరు తీసి, కొత్తది తొడిగి, పైపులు బిగించి, చేతులు దులుపుకొని ఇంటికి పోయెను. నేడు పిడిని ఎందరెంత కొట్టినను పంపు దగ్గుటయే కాని చుక్క నీరు రాల్చదు.

అంతట ఛత్రధారియు, స్థూలోదరుడును, అన్ని తగవులకును ఆలస్యముగా వచ్చు అలవాటు గలవాడును అగు పేట సంఘం పెద్ద విచ్చేసి ఇట్లనెను.

"ఏమ్మా, సాయంత్రానికి నీళ్లు పడకపోతే పంపు పని ఇంకెవరికైనా ఇచ్చేస్తాం. ఏమనుకోకు."

ఏమనుకోకు అన్న పిదప ఏమియు అనుకొనని మనిషి ఈ భూమండలమున ఇంకను పుట్టలేదు. ఆడమనిషి పైపులెత్తుతుందా అని నవ్వినవారి కళ్లముందే పైపులెత్తి ఆమె సంపాదించుకొన్న పని అది. అది చేజారునేమోనని ఆమె మిక్కిలి భయపడెను.

"ఓరీ వాయుభక్షకా! లోహాధమా! నీ గర్భకుహరమున దాగిన రహస్యమును సప్తసముద్రముల కావలనున్న ఏ పుణ్యమూర్తి యెరిగియున్నను, ఆ జ్ఞానమును నేడే కొనితెచ్చి, నీ మదమడంచి, నీచేత ముక్కోటి బిందెలు నింపింపకున్న నా పేరు పంపక్కయే కాదు!" అని ఆమె గర్జించెనని వ్రాయుట మా ధర్మము. నిజమునకు ఆమె అన్నది "సరే, చూద్దాం" అని మాత్రమే.

పేదదేశముల పంపుపని వారలు తమకు తెలిసినది ఒకరికొకరు ఊరకే చెప్పుకొను వెబ్‌సైటొకటి కలదు. దాని తెలుగును మనుషులెవరును ముట్టలేదు. అంతయు యంత్రము చేసిన అనువాదమే. పంపక్క వసారాలో కూర్చుండి ఫోను తెరచి వెదకగా, ఏ దేశమునుండియో ఒకరు అడిగిన ప్రశ్న కనబడెను: "వాషర్ మార్చాక నీళ్లు రావడం లేదు. ఎందుకు?" దానిక్రింద: "ఒక సమాధానం ఉంది. చూడటానికి సభ్యులు కండి."

సభ్యత్వ దుర్గద్వారమున పాస్‌వర్డు అను రాక్షసుడు కావలి కాయుచుండెను. పంపక్క తొలి అస్త్రముగా భర్త పేరును చిన్న ఇంగ్లీషు అక్షరములలో సంధించి వదలెను. రాక్షసుడు ఎర్రబడి పలికెను: "మీ పాస్‌వర్డ్ బలహీనంగా ఉంది."

ప్రక్కనే నులకమంచము మీద శయనించియున్న అత్తగారు, సర్వవిషయ ప్రవేశిని, తల పైకెత్తెను.

"ఏం పెట్టావమ్మాయ్?"

"మీ అబ్బాయి పేరే అత్తయ్యా."

అత్తగారు లేచి కూర్చుండెను.

"మొన్న జ్వరమొచ్చి తగ్గిన మాట నిజమే. ఇప్పుడు బానే తింటున్నాడుగా. దీనికెవరు చెప్పారు?"

పంపక్క ఆ పేరునకు అంకెలు జోడించి రెండవ అస్త్రము వేసెను. రాక్షసుడు ఈసారి రెండు తలలతో లేచెను: "పాస్‌వర్డ్‌లో ఒక రాజధాని అక్షరం, ఒక ప్రత్యేక పాత్ర ఉండాలి."

"ప్రత్యేక పాత్రంటే చుట్టాలొచ్చినప్పుడు తీస్తామే, ఆ ఇత్తడి గిన్నె. తెమ్మంటావా?"

"దాన్ని ఫోన్లో ఎలా పెడతాం అత్తయ్యా?"

"ఫొటో తీసి పెట్టు."

గిన్నె నట్లుంచి, పంపక్క రాజధాని మీద దండెత్తెను. రాజధాని పేరులోని మొదటి అక్షరము వేసెను, తిరస్కారము. చివరి అక్షరము వేసెను, తిరస్కారము. కోపించి రాజధానిని సాంతము తెచ్చి పెట్టెను. దానిని కూడ రాక్షసుడు లెక్కచేయలేదు.

"మన రాజధాని దానికి ఆనలేదేమో. పెద్ద దేశాల రాజధానులు పెట్టి చూడు," అని అత్తగారు చిన్ననాడు బడిలో బట్టీ పట్టిన రాజధానులన్నిటిని ఏకధాటిగా అప్పగించెను. మహానగరములు ఒక్కొక్కటిగా ఆ యుద్ధభూమిపై నేలకూలెను. వీధిలో బిందెలు మోగుచుండెను, ఎండ వాలుచుండెను, ఫోనులో ఛార్జింగు క్షీణించుచుండెను. పంపక్కకు కన్నీళ్లు ఆగలేదు.

కోడలి కన్నీరు చూచి అత్తగారి మనసు కరిగెను. "ఏడవకమ్మాయ్. పాపం, దానికి తెలుగు సరిగా రానట్టుంది. ఇంగ్లీషులో చెప్పి చూద్దాం. రాజధానిని ఇంగ్లీషులో ఏమంటారు?"

"క్యాపిటల్."

ఆ మాట తన నోటినుండియే వెలువడగా పంపక్క స్థాణువై నిలిచెను.

"క్యాపిటల్ లెటర్ అత్తయ్యా. పెద్ద ఏబీసీడీ. ఇందాకట్నుంచీ అది అడుగుతోంది పెద్ద ఏబీసీడీ."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా. మరి పాత్ర?"

"క్యారెక్టర్ అయ్యుంటుంది."

"మన క్యారెక్టర్‌తో దానికేం పని? మూడు వీధుల్లో ఎవర్నైనా అడగమను."

"ఆ క్యారెక్టర్ కాదేమో అత్తయ్యా. నాటకంలో వేషంలాంటిదేమో."

"నాటకంలో ప్రత్యేకమైన వేషం ఎవడికిస్తారు? స్టారుకి."

వేరు దారి లేక పంపక్క భర్త పేరులోని మొదటి అక్షరమును పెద్దది చేసి, చివర స్టారు గుర్తు నొక్కెను. తప్పు దారిన పోయి సరియైన ఇల్లు చేరిన ఆ తర్కమునకు రాక్షసుడు పచ్చబడి సాగిలపడెను: "మీ పాస్‌వర్డ్ చాలా బలంగా ఉంది."

"నే చెప్పలా, బానే తింటున్నాడని," అని అత్తగారు మరల శయనించెను.

దుర్గద్వారములు తెరచుకొనెను. లోపల ఏ దూరదేశపు స్త్రీయో వ్రాసిన సమాధానము ఇట్లుండెను: "సోదరీ, మీరు తోలు టీకప్పును తలకిందులుగా ధరించారా? నేను ధరించాను. కప్పు నోరు ఆకాశాన్ని చూడాలి. నేను సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను."

"టీకప్పు నెత్తిన పెట్టుకుందా? పాపం, అక్కడా ఎండలెక్కువేమో," అనెను అత్తగారు.

కాని యంత్రభాషా మర్మము నెరిగిన పంపక్కకు ఇప్పుడంతయు తేటతెల్లమాయెను. తోలు టీకప్పనగా కప్పు ఆకారపు తోలు వాషరు. నిన్న మాటలలో పడి తానే దానిని బోర్లా తొడిగినది. ఆమె ముఖము ఎర్రబారెను.

పిదప పానా ఝళిపించి, పైపులు పెకలించి, వాషరును వెల్లకిల తిప్పి తొడిగి, సమస్తమును బిగించి పిడి కొట్టగా, పంపు రెండుమార్లు దగ్గి భళ్లున నీరు కక్కెను. బిందెల సైన్యము జయజయధ్వానములతో ముందుకురికెను.

"ఏమైందమ్మా లోపల?" అని సంఘం పెద్ద గొడుగు దించుచు అడిగెను.

పంపక్క తల వంచుకొని పానాను కొంగుతో తుడువసాగెను. వెంట వచ్చిన అత్తగారు కోడలి వంక ఒకమారు చూచి, గొంతు సవరించుకొనెను.

"ఇక్కడేం లేదండీ. తేడా అంతా రాజధానిలో వచ్చింది."

"అన్నీ అక్కడ్నుంచేగా వచ్చేది," అని ఆయన తల పంకించి వెడలిపోయెను. పంపు పని పంపక్కకే నిలిచెను.

సంధ్యవేళ ఆమె మరల ఫోను తెరచెను. ఆ సమాధానము క్రింద "ఎంతమందికి ఉపయోగపడింది?" అని యుండి, ప్రక్కన ఒక బొటనవ్రేలి గుర్తును, దాని చెంత సున్నయు ఉండెను. సిగ్గు విడిచి చెప్పిన మాటకు ఎన్నాళ్ల నుండియో ఒక సున్న మాత్రమే కాపలా యుండుట చూచి పంపక్కకు ఎంతో బాధ కలిగెను. ఆమె ఇట్లు వ్రాసెను: "నేనూ ధరించానక్కా. నేనూ ఎవరికీ చెప్పలేదు. మా అత్తయ్య కూడా చెప్పలేదు."

పిమ్మట బొటనవ్రేలు నెత్తి, దిగ్గజములు చెవులు మూసుకొనగా, అష్టదిక్కులును ఊపిరి బిగబట్టి చూచుచుండగా, ఆ వీరాగ్రణి ఆ గుర్తును నొక్కెను. మహాజనులారా, చాటింపు వేయింపుడు! సున్న ఒకటాయెను.