గెర్లిండె తోమిన లూగర్

ఆ శనివారం ఉదయం ఓట్మార్ వీజింగర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదకొండింటికి పాత ఆయుధాల క్లబ్బు అధ్యక్షుడు బ్రూన్‌హూబర్ వస్తాడు, ప్లమ్ కేక్ తింటాడు, 1917 నాటి లూగర్ సైనిక పిస్టల్ చూస్తాడు, ఆరువేల ఐదువందల యూరోలిచ్చి పట్టుకెళతాడు. ఆ డబ్బుతో వానకు కారుతున్న ఇంటికప్పు బాగవుతుంది. అమ్మకం ప్రకటనలో ఓట్మార్ గొప్పగా రాసుకున్నది ఒక్కటే: "వందేళ్లుగా చెయ్యి పడని అసలు రంగు."

ఆయన రొట్టెలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి పిస్టల్ వంటింటి బల్ల మీద తళతళలాడుతోంది.

"ఎలా ఉంది?" అంది భార్య గెర్లిండె, చేతిలో పీచుతో. "గంటన్నర తోమాను. ఇంత మురికిదాన్ని పెద్దమనిషి చేతికి ఎలా ఇస్తావు?"

"అది మురికి కాదే! దాని ధరంతా ఆ రంగులోనే ఉంది!"

"అయితే ఆ మాట ముందే చెప్పొద్దూ?"

ఓట్మార్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కూలబడినప్పుడల్లా గెర్లిండెకు ధైర్యం రెట్టింపవుతుంది.

"నలుపే కదా కావాల్సింది," అంటూ ఆమె బూట్ పాలిష్ డబ్బా తెచ్చింది. ఇద్దరూ కలిసి దట్టంగా పట్టించారు. అది ఎంతకీ ఆరలేదు. ఓవెన్‌లో అప్పటికే కేక్ తయారవుతోంది. గెర్లిండె ఓవెన్ కింది అర లాగి, ఆరడానికి పిస్టల్‌ను అందులో పెట్టేసింది.

"తూటాలు?" అన్నాడు ఓట్మార్.

"ఒక్కటీ లేదు. మూడుసార్లు చూశాను. నన్నేమనుకుంటున్నావు?"

బ్రూన్‌హూబర్ పావుగంట ముందే దిగాడు. వెంట కెస్సెనిష్ కూడా ఉన్నాడు. క్లబ్బులో ఏది అసలో ఏది నకిలీయో తేల్చేది ఆయనే. ఆయన తేల్చాక ఇంకొకరు నోరెత్తరు.

ముందు కేక్ వడ్డించారు. కెస్సెనిష్ ఒక ముక్క నమిలి ఆగాడు. "ఇందులో ఏదో కొత్త వాసన..."

"మా అమ్మమ్మ చేసే పద్ధతి," అంది గెర్లిండె తడుముకోకుండా. బ్రూన్‌హూబర్ ఇంకో ముక్క అడిగి వేయించుకున్నాడు.

తర్వాత పిస్టల్ వచ్చింది.

"వేడిగా ఉందేం?" అన్నాడు కెస్సెనిష్.

"ఎండలో పెట్టాను," అన్నాడు ఓట్మార్. బయట తెల్లవారినప్పటి నుంచీ వాన.

కెస్సెనిష్ పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పాడు, నుదురు తుడుచుకున్నాడు. నుదుటి మీద అడ్డంగా నల్లటి చార పడింది. చేతులు చూసుకున్నాడు, వాసన చూశాడు, లేచి నిలబడ్డాడు.

"బూట్ పాలిష్! దీన్ని తోమి, బూట్ పాలిష్ పూశారు! చరిత్రను హత్య చేశారయ్యా! దీన్ని పాత ఇనుప సామాన్లవాడు కూడా తీసుకోడు!"

ఓట్మార్ కళ్లముందు ఇంటికప్పు మొత్తం కూలిపోయింది.

"అరవకండి," అంది గెర్లిండె. "కావాలంటే మళ్లీ తోమిపెడతాను."

బ్రూన్‌హూబర్ మాత్రం భూతద్దం తీసి పిస్టల్ మీదికి వంగాడు. అసలు పిస్టల్ అయితే ప్రతి భాగం మీదా చెక్కిన అంకెలు ఒకటే అయివుండాలి. పైకి అన్నిచోట్లా 31 అనే ఉంది. కానీ ఒక భాగంలో పాత అంకెను లప్పంతో పూడ్చి, పక్కన కొత్తది కొట్టారు. గెర్లిండె పీచుకు ఆ లప్పం ఊడిపోయింది. ఆ గుంటలో పాలిష్ నిండి 76 నల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది.

"రెండు పిస్టళ్లు కలిపి ఒకటి చేశారు," అన్నాడు బ్రూన్‌హూబర్ నెమ్మదిగా. "వీజింగర్ గారూ, ఇది మీరెవరి దగ్గర కొన్నారు?"

ఓట్మార్ నల్లటి వేలు ఎత్తి కెస్సెనిష్‌ను చూపించాడు.

కెస్సెనిష్ నుదుటి మీది నల్లటి చారను ఇంకాస్త పులుముకున్నాడు.

"పదకొండేళ్ల కిందటి సంగతి..." అని కెస్సెనిష్ నసిగాడు. "నేనూ మోసపోయి ఉండొచ్చు. మీరిచ్చిన నాలుగువేలూ తిరిగి ఇచ్చేస్తాను."

"అదెలా కుదురుతుంది?" అంది గెర్లిండె అతని కప్పులో కాఫీ పోస్తూ. "అమ్మకం ఈ రోజు. ధర ప్రకటనలో ఉంది. అధ్యక్షుడు గారు కూడా ఇక్కడే ఉన్నారు."

కెస్సెనిష్ అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు కేక్ వైపు చూశాడు. కెస్సెనిష్ నుంచి ఆరువేల ఐదువందల యూరోలు మధ్యాహ్నానికల్లా చేరాయి.

క్లబ్బు సభ్యులందరి పిస్టళ్లనూ ఉచితంగా తోమిపెడతానని గెర్లిండె ఆ వారమే కబురు పంపింది. ఆ నెల సమావేశానికి ఇరవై ఒక్కమంది వచ్చారు. పిస్టల్ ఒక్కటీ రాలేదు.