ఇస్త్రీ పెట్టె జ్వరం

ఆదివారం ఉదయం దర్జీ మనవరాలి గౌనుకు ఇస్త్రీ చేస్తున్నాడు. పది గంటల బస్సుకు భార్యతో కలిసి కూతురింటికి బయలుదేరాలి. పాప పుట్టాక ఎత్తుకోవడం ఇదే మొదటిసారి. అందుకే మొన్ననే ఇద్దరూ కరోనా టీకా వేయించుకున్నారు.

భార్యకు రాత్రి జ్వరం వచ్చింది, పొద్దున్నుంచి దగ్గు. ఆ రెండింటినీ ఆమె బహుమతుల్లా చెప్పుకుంటోంది.

"నాకు టీకా బాగా పనిచేసింది. మీ ఒళ్ళు చూడండి, రాయిలా చల్లగా ఉంది. మీకు వేసింది బూడిదలో పోసిన పన్నీరే. పాపను నేనే ఎత్తుకుంటా, మీరు దూరంగా కూర్చుని చూడండి."

ఆమె వంటింట్లోకి వెళ్ళగానే దర్జీ థర్మామీటరును వేడి గౌను మడతలో పెట్టి, తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

భార్య వచ్చి చూసేసరికి అది నూట ఏడు చూపించింది.

ఆమె వెంటనే కూతురికి ఫోన్ చేసింది. "నాన్నకు కరోనాయే అయ్యుంటుంది, మీరు రావద్దు" అంది కూతురు.

"జ్వరం లేదే, అది ఇస్త్రీ పెట్టె వేడి" అన్నాడు దర్జీ.

"పలవరిస్తున్నారమ్మా" అని భార్య ఫోన్లో చెప్పి, ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆయన ఇస్త్రీ పెట్టె పేరెత్తినప్పుడల్లా ఇంకో గుడ్డ పడింది.

చివరకు పక్కింటి నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూసింది. "నూట ఏడుంటే ఇంత గొడవపడే ఓపిక ఉండదు బాబాయ్."

"మరి జ్వరం రాకపోతే టీకా పట్టినట్టా?" అంది భార్య.

"మిషను చప్పుడు చేస్తేనే కుట్టు పడుతుందా పిన్నీ? కొందరికి జ్వరమొస్తుంది, కొందరికి రాదు. లోపల పని మాత్రం జరుగుతుంది. మేమిచ్చింది వైరస్ కొలతలు. అవి చూసి ఒళ్ళు దానికి తగ్గ ఆయుధాలు కుట్టుకోవాలంటే రెండు వారాలైనా పడుతుంది. అవునూ, నీకు ఆ దగ్గెప్పటినుంచి?"

"టీకా వల్లేగా."

"టీకాకు దగ్గు రాదు."

నర్సు ఇద్దరికీ పరీక్ష చేసింది. దర్జీకి లేదు, భార్యకు ఉంది. టీకాకు ముందే అంటుకున్న వైరస్ అది. తడిగుడ్డలన్నీ ఆమె నుదుటికి మారాయి. ఆమె గదిలో, ఆయన వరండాలో ఉండిపోయారు.

మూడు వారాల తర్వాత ఇద్దరూ కూతురింటికి చేరేసరికి గౌను పాపకు బిగుతైంది. కొత్తది కుట్టాలంటే కొలతలు తీయాలి కాబట్టి, పాపను ముందు ఎత్తుకున్నది దర్జీయే.