ప్రెసిడెంటు గారి బోటులో లీకు

"ఈ సరస్సులో పడే ప్రతి నూనె చుక్కా మన క్లబ్బు ముఖాన పడ్డ మచ్చ" అని బోట్ల క్లబ్బు ప్రెసిడెంటు గారు వార్షిక సభలో ప్రకటించగానే సభ్యులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూర్చునే ఉంటే తమ బోటులోనే ఏదో కారుతోందని పక్కవాళ్లు అనుకుంటారేమోనని భయం. ఆ ఊపులోనే ఒక నిబంధన కూడా పుట్టింది. నూనె కారుతున్న బోటును ఒడ్డుకు లాగెయ్యాలి, యజమాని సభ్యత్వం అక్కడికక్కడే రద్దు చెయ్యాలి, ఎంతటివాడైనా సరే. దాన్ని రేవు దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయన భార్య. ఏ ఎన్నికలోనూ నిలబడకపోయినా ఆవిడను అందరూ ప్రెసిడెంటమ్మ అనేవారు. ఆవిడకు నీటి శుభ్రత మీద అంత ప్రేమ ఉందని కాదు, ఆయన ప్రెసిడెంటుగా ఉండాలని. రిటైరైన కొత్తలో ఆయన కొన్ని నెలలు ఇంట్లో ఉన్నారు. ఆఫీసులో సంతకాలు పెట్టిన చెయ్యి ఖాళీగా ఉండలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని స్టవ్వు మంట ఎంత ఉండాలో నిర్ణయించేవారు. డబ్బాలన్నీ అక్షర క్రమంలో పెట్టించారు. టీపొడిని 'ట' దగ్గర పెట్టాలా, తేయాకు కాబట్టి 'త' దగ్గర పెట్టాలా అని ఒక పూటంతా వాదించారు. ఆ పూట ఇంట్లో ఎవరికీ టీ దొరకలేదు.

దేవుడు చల్లగా చూసి క్లబ్బు ఆయన్ని ఎన్నుకుంది. పొద్దున్నే ఆయన బోటు తాళాలు తీసుకుని గుమ్మం దాటగానే ఇల్లు ఆవిడదయ్యేది. కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ పర్యవేక్షించని కాఫీ తాగేది. ఆ బోటును ఆవిడ సరదాగా 'మా సవతి' అనేది. లోకంలో ఆడవాళ్లు సవతిని తిట్టుకుంటారు. ఈవిడ మాత్రం సవతికి ఏ జబ్బూ రాకుండా ఉంటే చాలునని కోరుకునేది.

జబ్బు రానే వచ్చింది. ఒకరోజు ప్రెసిడెంటు గారి బోటు వెనక నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలింది. ఇంజను కింద గుంటలో నల్లటి నూనె మడుగు కట్టింది. గుంటలో నీరు చేరితే దానంతటదే తోడి బయటికి పోసే పంపు ఒకటుంది. అది చాలా నిజాయితీగల యంత్రం. ఎవరి బోటని చూడకుండా నీళ్లతోపాటు నూనెను కూడా సరస్సులోకి పోసేసింది.

ప్రెసిడెంటు గారు రేవులో కమిటీని అత్యవసరంగా సమావేశపరిచారు. 'నా బోటు' అనడానికి నోరు రాలేదు. గొంతు సవరించుకుని, "ఎక్కడో లీకు ఉంది. అది ఎక్కడుందో వెంటనే తేల్చాలి. ఆపాలి" అన్నారు.

సెక్రటరీ గారు వృత్తిరీత్యా ప్లీడరు. లీకు అన్న మాట వినగానే ఆయన కళ్లు మెరిశాయి. "మీరు నిశ్చింతగా ఉండండి సార్. లీకు చేసినవాడెవడో సాయంత్రంలోగా మీ ముందు పెడతాను."

"చేసినవాడు కాదయ్యా, లీకు..."

"అర్థమైంది సార్. పైకి అనకండి. ఇక్కడినుంచే బయటికి పొక్కుతోంది."

విచారణ మొదలైంది. ఇంజను వైపు ఒక్కరూ చూడలేదు. 'ప్రెసిడెంటు గారి బోటు కారుతోంది' అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చిందని రేవులో అందరినీ పిలిచి అడిగారు. ఒకరు ఇంకొకరి పేరు, ఆ ఇంకొకరు మరొకరి పేరు చెప్పగా, మాట చివరికి క్లబ్బు మెకానిక్కు దగ్గర ఆగింది. అతను పెద్ద వాగుడుకాయ. స్క్రూ బిగిస్తూ ఊరందరి సంగతులూ చెప్పగలడు. ఆ రోజు టీ కొట్లో, "మన ప్రెసిడెంటు గారి బోటు చంటిపిల్లాడిలా పక్క తడుపుతోంది" అన్నాడట. లీకు మెకానిక్కు నోట్లో ఉందని కమిటీ తేల్చింది. అతను ఇక రేవులో అడుగు పెట్టకూడదని తీర్మానించింది.

ఆ విధంగా ఇంజను విప్పగలిగిన ఒక్క మనిషినీ గేటు బయట పెట్టి, అందరూ చేతులు దులుపుకున్నారు. నూనె మాత్రం కారుతూనే ఉంది.

"వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం" అన్నారు ప్రెసిడెంటు గారు ఇంట్లో, అన్నం కలపడం ఆపి. "ఎవడైనా బోటు తనిఖీ చెయ్యమన్నాడంటే నా పని అయిపోయినట్టే. ఇక ఇంటిపట్టునే ఉంటాను. నీకూ చేదోడుగా ఉంటుంది."

చేదోడు అన్న మాటకి ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది.

"ఆ మెకానిక్కుని పిలిపించండి."

"తీర్మానం అయిపోయిందే. నేనే సంతకం పెట్టాను."

"అయితే పదండి, మనమే చూద్దాం" అంది ఆవిడ. మర్నాడు ఎవరూ రాకముందే ఇద్దరూ రేవుకు వెళ్లారు. ఆవిడ సంచిలో పాత గుడ్డలు, కిరసనాయిలు, మొహానికి రాసుకునే పౌడరు డబ్బా ఉన్నాయి.

"పౌడరెందుకు? ఫొటో తీస్తారా?" అన్నారాయన ఆశగా.

"మీకు కాదు, ఇంజనుకి."

గుడ్డతో ఇంజనంతా శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, ఆవిడ దానికి పైనుంచి కింద దాకా పౌడరు అద్దింది. పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు ఇంజను తెల్లగా తయారైంది. ఆయన తాళం తిప్పారు. కాసేపటికి ఇంజను అడుగున పౌడరు తడిసి నల్లబడింది.

"అదుగో, అడుగున. నేను ముందే అనుకున్నాను" అన్నారాయన.

"గోడ మీద చెమ్మ కనబడ్డచోటే పైపు పగిలిందనుకుంటే ఎలాగండీ? మన స్నానాలగది గోడ అలాగే కదా అనవసరంగా పగలగొట్టించారు. ఇంకా పైకి చూడండి."

తడిసిన గీత వెంట ఆవిడ వేలు పైకి పాకింది. ఇంజను వంపు తిరిగి, ఒక బోల్టు పక్కగా వెళ్లి, నూనెను వడగట్టే డబ్బాలాంటి ఫిల్టరు దగ్గర ఆగింది. దాని పైన పౌడరు పొడిగానే ఉంది. ఇంజను ఆపించి, చల్లారాక గుడ్డ చుట్టి ఫిల్టరును తిప్పింది. అది ఊడివచ్చింది. ఫిల్టరు అంచున ఒక రబ్బరు రింగు ఉంది. అది ఉండవలసిందే. ఇంజనుకు అతుక్కుని ఇంకో రబ్బరు రింగు ఉంది, పాతది, చదునైపోయింది.

"కుక్కరు మూతకి రెండు గాస్కెట్లు వేస్తారా ఎవరైనా? సందులోంచి కారక ఏం చేస్తుంది? ఎవరండీ ఈ ఫిల్టరు మార్చిన మహానుభావుడు?"

ప్రెసిడెంటు గారు సరస్సు అందాన్ని చూడసాగారు.

ఆవిడకు వెంటనే గుర్తొచ్చింది. క్లబ్బులో జరిపిన శ్రమగౌరవ దినం. తెల్లటి దుస్తుల్లో ఆయన స్వహస్తాలతో ఫిల్టరు మార్చారు. ఫొటో బాగా రాలేదని మూడుసార్లు విప్పి, మూడుసార్లు బిగించారు. "సార్, ఆ పాత రబ్బరు..." అని మెకానిక్కు ముందుకు రాబోతే, సెక్రటరీ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, ఫొటోకి అడ్డు రావద్దని పక్కకు లాగారు. ఆ ఫొటో ఇప్పుడు వాళ్ల ముందుగదిలో గోడ మీద ఉంది.

ఆవిడ పాత రబ్బరు పీకేసి, ఫిల్టరు చేత్తో బిగించి, మళ్లీ పౌడరు అద్దింది. ఈసారి ఇంజను తెల్లగానే ఉండిపోయింది.

"ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ" అన్నారాయన.

"మరి ఆ మెకానిక్కు?"

"చూద్దాం. నిదానంగా చూద్దాం."

ఆవిడ ఆ రాత్రి ఆ మెకానిక్కు గురించి ఆలోచించింది. పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు అంతగా ఆలోచించలేదు.

ఆదివారం సభలో సెక్రటరీ గారు నివేదిక చదివారు. "మెకానిక్కును రేవునుంచి పంపించిన వారంలోనే సరస్సు మీద నూనె కనిపించడం ఆగిపోయింది. కారింది నోరే తప్ప బోటు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు." చప్పట్లు మోగాయి. ప్రెసిడెంటమ్మ కూడా కొట్టింది, కాస్త నెమ్మదిగా.

తర్వాత ప్రెసిడెంటు గారు లేచారు. "రేవులో గోడలు లేవు. ఇక్కడ మాట్లాడే ప్రతి మాటా బయటికి పోతోంది. అందుకని ఇకమీదట కమిటీ సమావేశాలన్నీ రోజూ పొద్దున్నే మా ఇంట్లో జరుగుతాయి. లీకులు లేని చోటు ఈ ఊళ్లో అదొక్కటే. మా ఆవిడకు ఎన్ని తెలిసినా నోరు విప్పదు."

"వదినగారి చేతి కాఫీ కూడా దొరుకుతుంది" అన్నారు సెక్రటరీ గారు. అందరూ నవ్వారు.

కమిటీ అంతా. రోజూ. పొద్దున్నే. కిటికీ పక్క కుర్చీలో సెక్రటరీ గారు కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు ఆవిడ కళ్లకు కట్టింది. ఒక మనిషి పని పోయినప్పుడు విచ్చుకోని నోరు ఇప్పుడు విచ్చుకుంది.

"ఏమండీ, ఆ రెండో రబ్బరు సంగతి కూడా చెప్పండి" అంది లేచి నిలబడి. ఆయన చెప్పలేదు. ఆవిడే చెప్పింది. పౌడరు, ఫిల్టరు, ఫొటో, మెకానిక్కు చెప్పబోయిన మాట, మొత్తం.

సభలో ఒక్కొక్కరే లేచి తమకు మొదటిరోజునుంచే అనుమానంగా ఉందన్నారు. ఇంతసేపూ చప్పట్లు కొట్టింది వీళ్లేనా అనిపించింది ఆవిడకు.

సెక్రటరీ గారు మాత్రం చలించలేదు. రేవు బోర్డు వైపు చూపించారు. "నిబంధనలో 'కారుతున్న బోటు' అని ఉంది. 'కారిన బోటు' అని లేదు. వదినగారే బాగుచేశానంటున్నారు. కాబట్టి ప్రెసిడెంటు గారి పదవికి ఢోకా లేదు. అయితే వారింట్లో కూడా లీకు ఉందని ఇప్పుడే మన కళ్లారా చూశాం గనక, కమిటీ ఎప్పటిలా రేవులోనే కలుస్తుంది."

ప్రెసిడెంటమ్మకు కావలసినవన్నీ దక్కాయి. ఆయనకు పదవి, ఆవిడకు పొద్దుటిపూట. బయటికి వస్తుంటే గేటు అవతల మెకానిక్కు నిలబడి ఉన్నాడు.

"అమ్మా, లోపల మీరే మాట్లాడారటగా. నేను చెప్పింది నిజమని ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. అందరూ."

"చాలమ్మా, బతికించారు. రేపు పనిలోకి రానా మరి?"

ఆవిడ గేటు గడియ తీయకుండానే నిలబడింది.

"నువ్వన్నది అబద్ధమైతే కమిటీ ఏదో పుకారులే అని వదిలేసేదట. నిజమని తేలింది కాబట్టి, లీకు చేసింది నువ్వేనని రుజువైపోయిందట."